పైన కప్పుకునే ముందు కింద పరుచుకోండి

డిసెంబరు నెలాఖరు. సూరత్ నుంచి వ్యారా మీదుగా డాంగ్స్ అడవుల్లోకి వచ్చి, పూర్ణా నది ఒడ్డున మహాల్ దగ్గర రాత్రికి ఆగాం. పదకొండు మందిమి. ఒకరిద్దరు పెద్దవాళ్లు తప్ప అందరూ లింబాయత్, గోడాదరా బస్తీల్లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాళ్లు. వాళ్ల తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పల్లెల్లో చేతిమగ్గం నేసి, అది కూడు పెట్టక, సూరత్ పవర్‌లూమ్‌ల మీద బతుకు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. ఈ పిల్లల్లో కొందరు నగరపాలిక తెలుగు బడిలోనే చదువుకున్నారు. వాళ్లకు ఎండ తెలుసు, ఉక్కపోత తెలుసు, మగ్గాల హోరు తెలుసు. చలి తెలియదు. సముద్రం దగ్గరున్న సూరత్‌లో చలి అలా వచ్చి ఇలా పోతుంది. నూరు కిలోమీటర్లు దాటి డాంగ్స్‌లోకి వస్తే, అందులోనూ ఏటి ఒడ్డున, అది వేరే లోకం.

రాత్రి రెండు గంటలప్పుడు ఒక కుర్రాడి పళ్లు కటకటలాడుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. ఒంటి మీద రెండు స్వెట్టర్లు, ఆ పైన దుప్పటి, దాని పైన శాలువా, తలకు మఫ్లర్. కింద మాత్రం పల్చటి ప్లాస్టిక్ పట్టా ఒక్కటే. "అన్నా, ఇంకో దుప్పటి ఉందా?" అన్నాడు. నేను సంచి వెతకబోతుంటే, మాతో వచ్చిన పెద్దాయన లేచి కూర్చున్నాడు. నలభై ఏళ్లు లూమ్ నడిపిన మనిషి. అంతకుముందు చిన్నతనంలో ఊళ్లో జొన్నచేను కావలి కాసినవాడు.

"ఇంకోటి గాదు బిడ్డా, ఉన్నది తీసి కిందేస్కో. సలి పైకెంచి వస్తలేదు. భూమి గుంజుతున్నది."

మర్నాటి పాఠానికని పక్క ఊరి రైతు దగ్గర కొన్న వరిగడ్డి మోపులు రెండు జీపులో ఉన్నాయి. వాటిని విప్పి జానెడు మందాన పరిచాం. దాని మీద అదే కుర్రాడు, ఒక స్వెట్టరు, ఒక దుప్పటి. అరగంటలో నిద్రపోయాడు. అప్పటిదాకా నా శిబిరాల్లో నిప్పు రాజేయడం, నీళ్లు వెతకడం అయ్యాక మూడో రోజు పక్క వేయడం నేర్పేవాణ్ని. ఆ రాత్రి తర్వాత దాన్ని మొదటి రోజుకు తెచ్చాను. ఈ పుస్తకంలో కూడా ధైర్యం గురించిన అధ్యాయం కంటే ముందు దీన్ని పెట్టింది అందుకే. నిద్రలేని మనిషికి ధైర్యం చెప్పి ప్రయోజనం లేదు.

నేల ఎందుకు గుంజుతుంది?

దుప్పటికి సొంత వేడి ఉండదు. మన ఒంటి వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచడమే దాని పని. ఆ పని చేసేది నిజానికి దారం కూడా కాదు, దారాల మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. కదలని గాలిలోంచి వేడి దాటడం చాలా కష్టం. అదే నీళ్లయితే గాలి కంటే దాదాపు పాతిక రెట్లు సులువుగా దాటిస్తాయి. రాయి, తడిమట్టి, సిమెంటు స్లాబు ఇంకా సులువుగా దాటిస్తాయి. మీరు పడుకున్నప్పుడు మీ బరువంతా భుజం, తుంటి, మడమ మీద పడుతుంది. ఆ చోట్ల దుప్పటి అణిగిపోయి లోపలి గాలి బయటికి పోతుంది. పైన ఉన్న దుప్పటి పని చేస్తూనే ఉంటుంది, కింద ఉన్నది గుడ్డముక్కతో సమానమవుతుంది. డాంగ్స్ నేల కింద ఉన్నది దక్కన్ నల్లరాయి. రాత్రంతా చల్లబడ్డ ఆ నేలకు మీ ఒంటి వేడి ఎంత ఇచ్చినా చాలదు. నిద్రలో మనిషి ఒళ్లు పుట్టించే వేడి ఒక పాతకాలపు బల్బు ఇచ్చేటంతే. దాన్ని కొండకు ధారపోస్తూ తెల్లవార్లూ వెచ్చగా ఉండటం కుదరదు.

ఇది కేవలం అసౌకర్యం కాదు. ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర ఉండాలి. అది 35 కంటే కిందికి దిగితే వైద్యులు దాన్ని హైపోథెర్మియా అంటారు. దానికి హిమాలయాల మంచు అక్కర్లేదు. తడిసిన బట్టలు, గాలి, పది డిగ్రీల రాత్రి చాలు. వణుకుతున్న మనిషి వణకడం మానేసి, మాట ముద్దగా వచ్చి, చేతిలో వస్తువు జారవిడుస్తుంటే "సర్దుకున్నాడులే" అనుకోకండి. అది ప్రమాదం ముదిరిన గుర్తు. తడిబట్టలు తీసేసి, కిందా పైనా కప్పి, ఆసుపత్రికి చేర్చాలి.

కాబట్టి అడవిలో రాత్రి ఉండాల్సి వస్తే నా లెక్క ఇది: గూడు కట్టుకోవడానికి మీకున్న ఓపికలో సగం నేలకే ఖర్చుపెట్టండి. మిగతా సగం కప్పుకూ గోడకూ. కొత్తవాళ్లు దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తారు. కప్పు కంటికి కనబడుతుంది, ఫోటోలో బాగుంటుంది. పక్క కనబడదు.

పక్క వేసే పద్ధతి

పొద్దు గుంకాక ఈ పని మొదలుపెట్టకండి. డిసెంబరులో ఇక్కడ ఆరు గంటలకు సూర్యుడు దిగిపోతాడు. ఆ వెంటనే గడ్డి మీదా ఆకుల మీదా మంచు పడుతుంది. మధ్యాహ్నం మూడింటికే ఆకులు ఏరడం మొదలైపోవాలి. అప్పుడు ఏరిన ఆకు చేతిలో నలిపితే గలగలమంటుంది. రాత్రి ఏడుకు ఏరిన ఆకు మెత్తగా, తేమగా ఉంటుంది. చూపుకు రెండూ ఒకటే, పక్కలో మాత్రం రెండిటికీ పోలిక లేదు.

ముందు జాగ చూసుకోవాలి. ఏటి ఒడ్డు ఇసుక మెత్తగా ఉంది కదా అని అక్కడ పడుకోకండి. చల్లగాలి నీళ్లలాగే పల్లానికి పారి అక్కడే నిలుస్తుంది. ఒడ్డు నుంచి కాస్త పైకి ఎక్కి, కొద్దిగా వాలు ఉన్న గట్టి నేల ఎంచుకోండి. ఎండిపోయిన వాగు మధ్యలో, ఎండుకొమ్మలు వేలాడే చెట్టు కింద వద్దు. పైన ఉన్న తడి ఆకులనూ రాళ్లనూ పొడవాటి కర్రతో ఊడ్చేయండి. రాళ్లు తిప్పేటప్పుడు చేతులు పెట్టకండి, తేళ్లు ఉండేది వాటి కిందే.

తర్వాత చట్రం. మీ పొడవుకు జానెడు ఎక్కువ ఉండే రెండు దుంగలు అటూ ఇటూ, తలవైపూ కాళ్లవైపూ చిన్నవి రెండు. ఈ చట్రం లేకపోతే మీరు రెండుసార్లు పక్కకు ఒత్తిగిలేసరికి గడ్డంతా చెదిరి మీరు నేల మీద ఉంటారు. వెడల్పు ఎక్కువ పెట్టకండి, మనిషి తిరగడానికి సరిపోతే చాలు. వెడల్పైన పక్కకు ఆకులు ఎక్కువ కావాలి, వేడి మాత్రం పెరగదు.

చట్రంలో అట్టడుగున గరుకు సరుకు వేయాలి. వేలి లావు ఎండుపుల్లలు, చీల్చిన వెదురు, తాటి మట్టలు. దొరికితే వెదురు తడిక కంటే మేలైంది లేదు. డాంగ్స్, తాపీ జిల్లాల కోట్వాళియా వాళ్లు తరతరాలుగా వెదురు చీల్చి అల్లేది ఇటువంటి సరుకే. ఈ పొర మీకు వెచ్చదనం కోసం కాదు. నేలలోని చెమ్మ పైపొరల్లోకి ఎక్కకుండా ఆపడం కోసం. దాని మీద గడ్డి అడ్డంగా ఒక పొర, నిలువుగా ఒక పొర. ఆ పైన ఆకులు. అన్నిటికన్నా పైన మెత్తటి గడ్డి, దాని మీద గుడ్డ.

ఎంత మందం? మన పాత కొలతలే ఇక్కడ బాగా పనికొస్తాయి. వదులుగా పోసినప్పుడు మూరెడు ఎత్తు ఉండాలి. మీరు పడుకుని అణిచాక కనీసం నాలుగు అంగుళాలు, అంటే బెత్తెడుకు పైగా మిగలాలి. చలి ఎక్కువైన చోట జానెడు మిగిలేలా చూసుకోండి. కంటితో చూసి "చాల్లే" అనుకుంటే నూటికి తొంభైమంది దెబ్బతింటారు, ఎందుకంటే వదులుగా పోసిన కుప్ప కంటిని మోసం చేస్తుంది. చేసి చూడాల్సిన పరీక్ష ఒకటుంది. పక్కకు తిరిగి పడుకోండి. ఐదు నిమిషాలు ఆగండి. తుంటి కిందికి చెయ్యి దూర్చండి. వేళ్లకు పుల్లలో, నేలో తగిలిందంటే లేచి ఇంకా పోయండి. భుజం కిందా అదే. వెలుగుండగానే ఈ పరీక్ష చేయాలి, చీకటి పడ్డాక చేస్తే ఫలితం తెలుస్తుంది కానీ ఆకులు దొరకవు.

ఏ ఆకు, ఏ గడ్డి

డాంగ్స్ అంటే టేకు, వెదురు. చలికాలంలో టేకు ఆకు రాలుతుంటుంది. విస్తరంత ఆకు చూసి కుర్రాళ్లు సంబరపడి అదే పోస్తారు. ఒక్క టేకాకే పోస్తే రెండు చిక్కులు. పెద్ద ఆకులు పళ్లేల్లాగా ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, మధ్యలో గాలి లేకుండా పోతుంది. బాగా ఎండినవి బరువు పడగానే పొడైపోతాయి. అందుకని టేకాకును చేతులతో నలిపి ముడతలు పడేలా చేసి, గడ్డితో కలిపి వేయాలి. ముడతలోనే గాలి ఉంటుంది. వెదురాకు సన్నగా, తేలిగ్గా ఉండి బాగా పనిచేస్తుంది. అయితే కొత్త వెదురు బొంగును చుట్టుకుని ఉండే పొరకు నూగు ఉంటుంది, ఒంటికి తగిలితే దురద. ఆకు తీసుకోండి, పొర వదిలేయండి. అంతకన్నా పెద్ద శత్రువు దూలగొండి. దాని కాయలు ముదిరేది సరిగ్గా ఈ చలికాలంలోనే. పొదల మీద గోధుమరంగు నూగుతో వంకర కాయలు వేలాడుతుంటే ఆ చుట్టుపక్కల ఆకులు అసలు ముట్టుకోవద్దు. ఆ పక్క మీద ఒక రాత్రి గడపడం కంటే కూర్చుని తెల్లవార్చడం నయం.

వరిగడ్డికి సాటి లేదు. దాని కాడ లోపల బోలు, అంటే దేవుడే గాలి నింపి ఇచ్చిన గొట్టం. పచ్చి ఆకులు మాత్రం ఎంత మెత్తగా ఉన్నా వద్దు. వాటిలో ఉన్నది నీళ్లు, నీళ్లు ఏం చేస్తాయో పైన చెప్పాను.

సూరత్ చుట్టుపక్కల ఇంకో సరుకు కావలసినంత ఉంది, ఎండు చెరకు ఆకు. బార్డోలి, వ్యారా దారిలో చలికాలమంతా చెరకు కోతలే. ఆ కోతలకు డాంగ్స్ నుంచీ, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల నుంచీ ఆదివాసీ కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి, నెలల తరబడి ఖాళీ జాగాల్లో చిన్న చిన్న పాకలు వేసుకుని ఉంటాయి. చేతిలో కత్తి పేరుతోనే వాళ్లను 'కోయతా' అని పిలుస్తారు. డచ్ పరిశోధకుడు యాన్ బ్రెమన్ 1970ల నుంచే వాళ్ల బతుకుల గురించి రాస్తూ వచ్చాడు. మనం సరదాకి ఒక్క రాత్రి అడవిలో పడుకోవడాన్ని శిక్షణ అంటున్నాం. ఆ తల్లులు పసిబిడ్డలను పెట్టుకుని చలికాలమంతా నేల మీదే పడుకుంటారు. ఈ విషయంలో మనకు గురువులు ఎవరైనా ఉన్నారంటే వాళ్లే. చెరకు ఆకు అంచు కోస్తుంది, కాబట్టి దాన్ని కింది పొరల్లో వేసి పైన గోనెపట్టా పరచండి.

ఇక మన ఊరి సొంత ఉపాయం ఒకటి చెబుతాను. సూరత్‌లో పాత పాలియెస్టర్ చీరకు కొదవ లేదు. ఐదున్నర మీటర్ల చీరను మధ్యకు మడిచి, అంచులు ముడులు వేసుకుంటూ పోతే పొడవాటి సంచి అవుతుంది. దాంట్లో ఎండాకులూ గడ్డీ కుక్కితే పరుపు. పాలియెస్టర్ తేమ పీల్చుకోదు, ఆకులు చెదరవు, పొద్దున్నే దులిపి మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. ఒకటే జాగ్రత్త, నిప్పుకు దూరంగా ఉంచాలి. ఒక్క నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

మన కురుమలు మందతో పాటు చేలల్లో పడుకునేటప్పుడు గొంగడిని కప్పుకోవడానికి ఎంత వాడతారో పరుచుకోవడానికీ అంత వాడతారు. నల్ల దక్కనీ గొర్రె బొచ్చుతో నేసి, చింతగింజల గంజి పెట్టి గట్టిపరిచిన ఆ గొంగడి కాస్త చెమ్మ తగిలినా వెచ్చదనం వదలదు. నూలు దుప్పటి తడిస్తే ఎందుకూ పనికిరాదు. మీ దగ్గర ఒక గొంగడి, ఒక నూలు దుప్పటి ఉంటే గొంగడి కిందికే వెళ్లాలి.

పురుగూ పాము

ఇది దాటవేయకూడని మాట. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం మొదలయ్యేసరికి ఆలస్యమవుతుంది. అనుమానం వచ్చినా సరే, మంత్రాలూ కట్లూ మానేసి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. చలి బాగా ఉన్న రాత్రుల్లో పాముల తిరుగుడు తగ్గుతుంది. వానాకాలం, వేసవి రాత్రుల్లో నేల మీద గడ్డిపక్క వేయమని నేను ఎవరికీ చెప్పను. అప్పుడు మన చేలల్లోని మంచెనే గుర్తుతెచ్చుకోండి. నాలుగు గుంజలు, మోకాలి ఎత్తుకు పైన అడ్డకర్రలు, తడిక. దోమతెర కట్టి దాని అంచులను పక్క కిందికి మడిచేస్తే దోమతో పాటు పాముకూ అడ్డం. అయితే మంచె మీద పడుకుంటే నేల గుంజదు కదా అని ఒట్టి తడిక మీద పడుకోకండి. కింద నుంచి గాలి తగులుతూనే ఉంటుంది. చలికాలంలో నులకమంచం మీద ఉత్త దుప్పటి వేసుకుని పడుకున్నవాళ్లకు ఇది తెలుసు. మంచె మీదా గడ్డి కావాలి.

పురుగులకు మన పెద్దలు వాడింది వేపాకు, వావిలాకు. ధాన్యంలో వేసిన ఆకులే పక్కలోనూ పొరగా వేయవచ్చు. గుజరాతీలో వావిలిని 'నగోడ' అంటారు, వాగుల గట్ల మీద దొరుకుతుంది. ఇది మన ఒక్కరి తెలివి కాదు. దక్షిణాఫ్రికాలో సిబుడు అనే కొండగుహలో 77,000 ఏళ్ల కిందటి మనుషుల పక్కలు బయటపడ్డాయి. కింద తుంగ జాతి గడ్డి, పైన పురుగును తరిమే గుణమున్న చెట్టు ఆకులు. 2011లో ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది. తొమ్మిదేళ్ల తర్వాత అదే దేశంలో బోర్డర్ కేవ్ గుహలో ఇంకా పాతది దొరికింది. రెండు లక్షల ఏళ్ల కిందటి గడ్డిపక్క, బూడిద మీద పరిచింది. పాకే పురుగు బూడిద దాటడానికి ఇష్టపడదు. ఆ సంగతి చదివిన రోజు నాకు మా అమ్మమ్మ వాకిట్లో తుంగచాప కళ్ల ముందు కదిలింది. ఆ మనుషులు ఏ భాష మాట్లాడారో మనకు తెలియదు, ఎలా పక్క వేసుకున్నారో తెలుసు.

అనుమతి సంగతి

పూర్ణా అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం, అక్కడి నుంచి ఏమైనా తీసుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ప్రాణం మీదికి వచ్చిన రాత్రి సంగతి వేరు, సాధన కోసం మాత్రం అక్కడి ఆకు ముట్టుకోవద్దు. అటవీశాఖ శిబిరంలో దిగి, గడ్డి రైతు దగ్గర కొనుక్కోండి. ఇంకా సులువు, తెలిసినవాళ్ల చేనులో నేర్చుకోండి. పచ్చి కొమ్మ నరకాల్సిన అవసరం ఈ అధ్యాయంలో చెప్పిన పనుల్లో దేనికీ లేదు.

చేను కూడా లేకపోతే మీ మేడ చాలు. ఈ ఉత్తరాయణానికి సూరత్ అంతా ఎలాగూ పతంగులతో డాబాల మీదే ఉంటుంది. ఆ రాత్రి కిందికి దిగకండి. స్లాబు మీద ఒక గంట ఉత్త దుప్పటితో, ఇంకో గంట అదే దుప్పటి కప్పుకుని కింద గడ్డి నింపిన చీరసంచి వేసుకుని పడుకోండి. ఆ రెండు గంటల తేడా మీ వీపు మరచిపోదు.

అలా పడుకున్నప్పుడు రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ బయట రాత్రుళ్లు పడుకునే కూలీలను ఒకసారి తలచుకోండి. పగలు పార్సిళ్లు మోసిన మనిషి రాత్రి ఆ పార్సిల్ అట్టపెట్టెనే విప్పి కింద వేసుకుంటాడు. అతనికి ఎవరూ ఈ పాఠం చెప్పలేదు, చలి చెప్పింది. మన సంఘాలు, గుళ్లు, మిత్రబృందాలు ఏటా చలికాలంలో దుప్పట్లు పంచుతుంటాయి. మంచి పని. ఈ ఏడు దుప్పటితో పాటు కిందికి కూడా ఏదో ఒకటి ఇవ్వండి. గడ్డి కుక్కిన గోనెసంచి కావచ్చు, పాత చీర పరుపు కావచ్చు, రెండు మందపాటి అట్టలైనా కావచ్చు. ఒక్కటే ఇవ్వగలిగే స్థోమత ఉంటే, కిందిదే ఇవ్వండి.